ఇంటికొక టికెట్టు

గరగర, గరగర, టప్పు. మళ్ళీ గరగర, గరగర, టప్పు.

తెనాలి గ్రంథాలయంలో ఆ ఉదయం అడుగుపెట్టిన ప్రతివారినీ ముందుగా పలకరించింది ఆ చప్పుడే. పత్రికల బల్ల ముందు కూర్చున్నవారు తలలెత్తి ఒకరినొకరు చూసుకున్నారు. వెనుక గదిలో పిండిమర పెట్టించారేమోనని ఒక పెద్దాయన అనుమానించాడు. తలుపు తోసి చూస్తే అక్కడున్నది సైక్లోస్టైల్ యంత్రం. దాని పిడి తిప్పుతున్నది గ్రంథాలయ సంఘం కార్యదర్శి వేంకటసుబ్రహ్మణ్యం. ఆయన చొక్కాకు సిరా, నుదుటికి చెమట, పెదవులకు చిరునవ్వు సమపాళ్ళలో అంటి ఉన్నాయి. దేశంలో నాలుగో పంచవర్ష ప్రణాళిక నడుస్తున్న కాలమది. సంఘానికి మాత్రం అదే మొదటి ప్రణాళిక. ఆ యంత్రం దానిని పేజీ వెంట పేజీగా ప్రసవిస్తున్నది.

సంఘం పుట్టింది తెనాలిలో. దానికి బాపట్లలో ఒక శాఖ, రేపల్లెలో ఒక శాఖ. వేంకటసుబ్రహ్మణ్యానికి నందివెలుగులో మాగాణి ఉన్నందువల్ల జీతం అక్కరలేదు. పుస్తకాలంటే ప్రేమ ఉన్నందువల్ల తీరిక లేదు. వాల్తేరు వెళ్ళి గ్రంథాలయ శాస్త్రం చదివి వచ్చిన నాటినుంచి ఆయనకు లోకమంతా పట్టికలుగా, గీతలుగా, నిలువు స్తంభాలుగా కనిపించసాగింది. ఏ బల్ల ఏ కిటికీకి ఎంత దూరాన ఉండాలో, ఏ బీరువా ఏ ఏటికి నిండాలో, ఏ ఊరివారు ఎప్పటికి ఎంతటి చదువరులు కావాలో ఆయన ముందే నిర్ణయించి పెట్టాడు. ఇంట్లో ఏ వారం ఏ కూర వండాలో కూడా ఒక పట్టిక వేసి వంటింటి గోడకు అంటించాడు. ఆయన ఇల్లాలు ఆ పట్టికకు మసి అంటకుండా, నూనె చిందకుండా ఎంతో భక్తిగా కాపాడుతూ, బజారులో ఆ పూట ఏది లేతగా కనిపిస్తే అది వండేది. తింటూ చదువుకునే అలవాటువల్ల ఆయనకు తేడా తెలిసేది కాదు. ఇంట్లో ప్రణాళిక చక్కగా అమలు జరుగుతున్నదని ఆయన స్నేహితులతో అనేవాడు.

సంఘం ప్రణాళికలో ఆయనకు మిక్కిలి ఇష్టమైనది రేపల్లె పేజీ. అక్కడ రెండు స్తంభాలు గీశాడు. యంత్రానికి రంగులు రావు గనుక, ప్రతి కాగితంమీదా పెన్సిలు పట్టి తానే రంగులు పూశాడు: మగ పాఠకులకు నీలం, ఆడ పాఠకులకు ఎరుపు. నీలం స్తంభం పేజీ పై అంచును తాకి, ఇంకా చోటుంటే ఇంకా ఎదిగేదాన్నన్నట్టు నిలబడింది. ఎరుపు స్తంభం ఉండవలసిన చోట ఏమీ లేదు. మరీ బోసిగా ఉంటే బాగుండదని ఆయన అక్కడొక బొట్టు పెట్టాడు. ఆ కింద తన నిర్ణయం రాశాడు. రేపల్లె పురుషులకు నవలలపై, అందునా ప్రేమ నవలలపై అపారమైన ఆసక్తి గలదు. రేపల్లె స్త్రీలకు పఠనాసక్తి లేదు. కావున అక్కడి స్త్రీల గదిని ఈ మార్చి నెలాఖరుకు మూసివేసి, పురుషుల నవలా విభాగంగా మార్చవలెను. ఆ గదిని చూసే తాత్కాలిక ఉద్యోగిని అవసరం ఇకమీదట ఉండదు. బాపట్లలో జరిగే మహాసభ దీనిని ఆమోదించవలెను.

ఆ పేజీ రేపల్లె చేరిన మధ్యాహ్నం, స్త్రీల గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. గుమ్మం బయట చెప్పుల గుంపు. చెప్పుల పక్కన ఒక ఖాళీ చేపల గంప. ఆ గంప పేరంటాలుది. ఆమె పొద్దున్నే బజారులో చేపలమ్మి, ఇంటికెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుని, మధ్యాహ్నానికి ఇక్కడికి వచ్చేది. ఐదో తరగతి దాకా చదివిన పేరంటాలు, చేపలమ్మే గొంతుతోనే నవల చదివేది. అందులో నాయిక గుసగుసగా ఏడ్చినా వీధి చివరిదాకా వినిపించేది. అక్షరాలు రానివారు చెవులొగ్గి వినేవారు. వచ్చినవారు తప్పులు దిద్దేవారు. ఊళ్ళోని తెలుగు మాస్టారు వెంకటరాఘవయ్య భార్య కుసుమకుమారి ఒక్కతే, కథ ఎటు తిరగబోతున్నదో ముందే చెప్పి అందరిచేతా తిట్లు తినేది.

వీరందరినీ చూసుకునే తాత్కాలిక ఉద్యోగినే శకుంతల. పాత పత్రికలు కుక్కిన కొట్టుగా ఉండిన ఆ గదిని ఊడ్చి, సున్నం వేయించి, కిటికీకి తెర కట్టినది ఆమే. ఇంట్లో తండ్రి బడిపంతులుగా విరమించిన తరువాత, ఆమె జీతమే ఇంటిని నడుపుతున్నది. ఆ గది ఉంటే ఆమెకు ఉద్యోగం. ఆ గది ఉంటే వారికి మధ్యాహ్నం.

ఇక టికెట్టు సంగతి. సంఘం నియమం ఒకటే: ఇంటికొక టికెట్టు, అది ఇంటి యజమాని పేరుమీద. ఆడవారు ఆ టికెట్టును కొంగున ముడివేసుకుని వచ్చి, బల్లమీద పెట్టి, పుస్తకం తీసుకుపోయేవారు. టికెట్టు మరిచివచ్చిన రోజున చిక్కు. భర్త పేరు నోటితో పలకరాదు కదా.

“ఎవరి టికెట్టు పిన్నిగారూ?” అని శకుంతల అడిగితే, కుసుమకుమారి కాసేపు ఆలోచించేది.

“ముందు కొండమీద ఉంటాడమ్మా. తర్వాత లంకకు వెళ్ళొస్తాడు.”

“వెంకటరాఘవయ్యగారు. మీదో అక్కా?”

“కర్ణుడు చేసే పని,” అనేది పేరంటాలు. “చివర కాస్త మర్యాద తగిలించుకో.”

శకుంతల నవ్వుకుంటూ దానయ్య కార్డు వెతికి ముద్ర వేసేది. సాయంత్రం లెక్క తేల్చేటప్పుడు ఆ నవల చదివినవాడు దానయ్యే అయ్యేవాడు. ఊరంతా ఎరిగిన సంగతిని తెనాలి కాగితం ఎరగదని శకుంతలకు ఎన్నడూ తోచలేదు.

ఇప్పుడు తోచింది. ఆమె ఆ పేజీని పైకి చదివింది. నీలం స్తంభం దగ్గర అందరూ ఫక్కున నవ్వారు.

“మా ఆయన ప్రేమ నవలలు చదువుతాడంటా?” అన్నది పేరంటాలు కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. “నిజాంపట్నంలో పడవెక్కితే పున్నమికో అమావాస్యకో గాని ఇంటి మొహం చూడడే. చేపలకు చదివి వినిపిస్తున్నాడేమో.”

“మా ఇంట్లోవారు బడిలో నవల కనిపిస్తే పిల్లల చెవులు మెలిపెడతారు,” అన్నది కుసుమకుమారి. “ఈ కాగితం చూస్తే ఆయన చెవులు ఎవరు మెలిపెట్టాలో.”

శకుంతల చివరి వాక్యాలు చదివింది. నవ్వు ఒక్కొక్క పెదవిమీదా ఆరిపోయింది. కిటికీ తెర మాత్రం ఏమీ తెలియనట్టు గాలికి ఊగుతూనే ఉన్నది.

“ఇప్పుడేం చేస్తావమ్మాయ్?” అన్నది పేరంటాలు.

“తెనాలి వెళ్ళి చెప్పొస్తాను. ఆయన మంచివారే అక్కా. తెలియక రాశారు.”

ఆయన మంచివారే. అందులో అనుమానం లేదు. మరునాడు శకుంతల వెళ్ళేసరికి ఆయన గ్రంథాలయం వెనుక ఉన్న తమ ఇంటి వసారాలో చాపమీద కూర్చుని, బాపట్ల శాఖ స్తంభాలకు రంగులు పూస్తున్నాడు.

“సార్, రేపల్లెలో నవలలు చదివేది ఆడవాళ్ళండి,” అన్నది శకుంతల కూర్చోకుండానే.

“కూర్చోమ్మా. చదివితే పేరుండాలి కదా. ఒక్క ఆడపేరు చూపించు.”

“టికెట్టు ఇంటి యజమాని పేరుమీద ఇవ్వమన్నది మీరే కదండీ.”

“అవును. సంఘం పుట్టినప్పటి నియమం. ఎవరి పేరుమీద ఉంటే వారే చదివినట్టు.”

“దానయ్యగారికి అక్షరం ముక్క రాదండి.”

వేంకటసుబ్రహ్మణ్యం పెన్సిలు ఆపాడు. ఆయన కళ్ళు మెరిశాయి.

“అంటే ఎవరిచేతనో చదివించుకుంటున్నాడన్నమాట. వినడమూ పఠనమేనమ్మా. చదువు రాని మనిషికి ఇంత అభిరుచి కలిగిందంటే, మన ఉద్యమం ఎంత లోతుకు దిగిందో చూడు. ఉత్తమ పాఠకుడి శాలువా ఈసారి ఆయనకే.” అని, లోపలికి తిరిగి, “ఇదిగో, రేపల్లె అమ్మాయి వచ్చింది, కాఫీ,” అన్నాడు.

ఆయన ఇల్లాలు కాఫీ తెచ్చి పెట్టి, శకుంతల పక్కగా వంగి మెల్లగా అడిగింది: “ఆ జమీందారు కూతురి నవల రెండో భాగం మీ దగ్గరుందామ్మా? ఇక్కడ ఎవరో తీసుకెళ్ళి తిరిగివ్వలేదు. ఆ పిల్ల రైలెక్కిందో లేదో తెలియక అన్నం సయించడం లేదు.”

“ఉందండి, పంపిస్తాను. ఎవరి టికెట్టుమీద రాయమంటారు?”

ఆమె గడ్డంతో భర్తవైపు చూపి, నవ్వి, లోపలికి వెళ్ళిపోయింది. స్తంభానికి నున్నగా అంచు దిద్దుకుంటున్న భర్తకు ఈ మాటలేవీ వినిపించలేదు.

శకుంతల పట్టు వదలలేదు. అడిగింది, వాదించింది, పేరంటాలు గొంతును అనుకరించి కూడా చూపింది. చివరకు వేంకటసుబ్రహ్మణ్యం పెన్సిలు కింద పెట్టాడు.

“నాకు పట్టుదలేం లేదమ్మా. అంకె తప్పయితే దిద్దుకుంటాను. కానీ పేరు లేని మనిషిని ఏ పట్టికలో పెట్టను చెప్పు? బాపట్ల మహాసభ ముగిసేలోగా ఒక్క స్త్రీ, ఒక్కటంటే ఒక్కటి, తన సొంత పేరుతో సభ్యురాలిగా చేరనీ. ఇంటికొక టికెట్టు నియమం నేనే తీసేస్తాను. నీ గది జోలికీ రాను, నీ ఉద్యోగం జోలికీ రాను.”

“చేరడమెలాగండి?”

“పద్ధతి పాతదే. సభ్యుడెవరైనా లేచి నిలబడి, చేరేవారి పేరు సభలో పైకి చెప్పాలి. అధ్యక్షులు రాసుకుంటారు. అంతే.”

“నేను చెప్పొచ్చాండి?”

“జీతం తీసుకునేవాళ్ళు సభ్యులు కారు కదమ్మా.”

ఇంత తేలికా అనుకుంటూ శకుంతల సంతోషంగా రైలెక్కింది. రైలు జంపని దాటింది. చెరకు బండ్లు దాటింది. తీపి వాసన దాటింది. వేమూరు వచ్చాకగాని ఆ తేలికలోని బరువు ఆమెకు తెలియలేదు. సభ్యులందరూ ఇంటి యజమానులు. యజమానులందరూ మగవారు. పరాయి ఇల్లాలి పేరు పదిమందిలో పలికితే తగవులవుతాయి. కనుక ఎవరి ఇల్లాలి పేరు వారే పలకాలి.

ముందుగా వెంకటరాఘవయ్య మాస్టారి దగ్గరికి వెళ్ళింది. ఆయన పడకకుర్చీలో కూర్చుని పిల్లల కాపీ పుస్తకాలు దిద్దుతున్నాడు.

“నేనా? సభలోనా?” అన్నాడు ఆయన.

“పిన్నిగారి పేరు చెబితే చాలండి మాస్టారూ.”

“ఇంట్లోనే ఎప్పుడూ చెప్పలేదు కదమ్మా.”

“మరి ఏమని పిలుస్తారండి?”

“పిలవడమెందుకు? దగ్గుతాను.”

“ఒక దగ్గయితే కాఫీ, రెండయితే వేణ్ణీళ్ళు,” అన్నది లోపలినుంచి కుసుమకుమారి. “ఆయనకు జలుబు చేసిన రోజున నా కాళ్ళు పడిపోతాయమ్మా.”

మాస్టారు ఎర్ర సిరా కలాన్ని మూతపెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ మూతపెట్టాడు. “మరెవరైనా ముందు చెబితే, తర్వాత చూద్దాంలే,” అన్నాడు.

దానయ్య తన ఇంటి అరుగుమీద వల బాగుచేసుకుంటున్నాడు. శకుంతల సంగతంతా చెప్పింది.

“నేనైతే ఏమేవ్ అంటానమ్మా. దూరంగా ఉంటే ఈల వేస్తాను.”

“పేరు చెబితే ఏమవుతుందన్నా?”

“ఏమవుతుందో ఎవరికెరుక? మా అయ్య చెప్పలే, మా తాత చెప్పలే. సంద్రం మీద తిరిగేవోణ్ణి, లేనిపోని పరీచ్చ నాకెందుకు?” అని, ఆమె మొహం చూసి, గొంతు తగ్గించాడు. “పెద్దోళ్ళు ముందు చెబితే ఎనకాల నేనూ చెబుతాలే. నేనొక్కణ్ణే లేస్తే నవ్వరా?”

ఇల్లిల్లూ తిరిగినా జవాబు అదే. ఎవరైనా ముందు చెబితే. ఒకాయన ‘పిల్లల తల్లి’ అంటాడు. ఒకాయన ‘మా మామగారి అమ్మాయి’ అంటాడు. ఇంకొకాయన, పేరు చెప్పడానికి అభ్యంతరం లేదుగాని అది ఇప్పుడు సరిగా గుర్తు రావడం లేదన్నాడు. ఆ మాట విన్న ఆయన భార్య ఆ పూట ఆయనకు మజ్జిగ పోయలేదు. రేపల్లె మగవారి సిగ్గంతా ఒక వరుసలో నిలబడింది. ఆ వరుసలో మొదటి చోటు మాత్రం ఖాళీగా ఉంది.

మహాసభనాడు రేపల్లెవారు పొద్దుటి రైల్లో తెనాలి వచ్చి, అక్కడ బండి మారి, నిడుబ్రోలుమీదుగా బాపట్ల చేరారు. ఆడవారంతా శకుంతల వెంట ఒక పెట్టెలో. మగవారంతా మరొక పెట్టెలో. ఎదురుపడితే ఎవరు ఎవరిని ఏమడుగుతారోనని మగవారు స్టేషన్లలో మంచినీళ్ళకు కూడా దిగలేదు.

సభ ఒక బడి హాలులో జరిగింది. అధ్యక్షుడు చలపతిరావు ప్లీడరుగా పనిచేసి విరమించినవాడు. ముందున్న గంటను కొట్టకుండా ఒక్క మాటైనా మాట్లాడడు. ఆయన పక్కన వేంకటసుబ్రహ్మణ్యం, గోడమీద రంగు రంగుల స్తంభాలు. ఎదుట ఒకవైపు మగవారు, ఒకవైపు ఆడవారు. ఆడవారి ముందు వరుసలో వేంకటసుబ్రహ్మణ్యం ఇల్లాలు కూర్చుని ఉన్నది. ఆమె చంకలో ఒక నవల. దానికి పాత పత్రిక అట్ట.

మొదటి అంశం ఉత్తమ పాఠకుడికి సన్మానం. దానయ్య ఉతికిన చొక్కాతో, నూనె రాసిన జుట్టుతో వేదిక ఎక్కాడు. అధ్యక్షుడు శాలువా కప్పాడు.

“చలి పోయాక ఇచ్చారేంటండి,” అన్నాడు దానయ్య దాన్ని తడిమి చూసుకుంటూ.

అధ్యక్షుడు గంట కొట్టాడు. “దానయ్యగారూ, మీకు మిక్కిలి నచ్చిన నవల ఏది?”

“నాకు సదువు రాదండి.”

“చదివించుకుని వింటారట కదా.”

“ఇంటానండి. మా ఇంటిది చదువుతుంటే చానా మంచి నిద్ర పడుతుంది. మెలకువ వచ్చేసరికి పుస్తకంలో ఎవరో ఒకరు ఏడుస్తా ఉంటారు. ఎందుకేడుస్తున్నారో అడిగితే ఇది కసురుతుంది.”

హాలంతా నవ్వింది. అధ్యక్షుడు గంట కొట్టడం మరిచిపోయాడు.

“అయితే ఈ పుస్తకాలన్నీ తీసుకున్నదెవరు?”

దానయ్య గడ్డంతో ఆడవారివైపు చూపాడు. పేరంటాలు లేచి నిలబడింది.

“నేనేనండి బాబూ. ఆ శాలువా కప్పుకున్నాయన టికెట్టుమీద నేనే చదివాను. నేను చదివితే మా వీధంతా విన్నది. వింటామన్నా వినమన్నా వినిపిస్తుంది, నా గొంతు అలాంటిది.”

వేంకటసుబ్రహ్మణ్యం లేచాడు. ఆయన మొహంలో రంగు తగ్గింది. గోడమీది నీలం స్తంభం పునాదులతో సహా కదులుతున్నట్టు ఆయనకు తోచింది. అయినా ఆయన పద్ధతి తప్పని మనిషి.

“అధ్యక్షా, నా అంకె తప్పేమోనని ఇప్పుడు అనుమానంగా ఉంది. కానీ అనుమానాన్నిబట్టి పట్టిక మార్చలేను. శకుంతలకు నేనొక మాట ఇచ్చాను. ఈ సభలో ఒక్క స్త్రీ సొంత పేరుతో సభ్యురాలిగా చేరితే, ఇంటికొక టికెట్టు నియమం పోతుంది, రేపల్లె గది ఉంటుంది. చేరకపోతే ప్రణాళికను ఉన్నదున్నట్టుగా ఆమోదించవలసిందే. ఎవరైనా పేరు చెబుతారా?”

ఎవరూ లేవలేదు. మగవారిలో కొందరు పైకప్పు చూశారు. కొందరు చెప్పులు చూసుకున్నారు. ఒకాయన కండువా మడత విప్పి, ఎంతో అవసరమున్నట్టు మళ్ళీ మడత పెట్టాడు. గొంతు సవరించుకుందామని వెంకటరాఘవయ్య మాస్టారు చిన్నగా దగ్గాడు. ఆడవారిలో కుసుమకుమారి అలవాటుకొద్దీ సగం లేచి, ఎక్కడున్నదో గుర్తు వచ్చి, నాలుక కరుచుకుని కూర్చున్నది.

“మీరు కానివ్వండి మాస్టారూ,” అన్నాడు దానయ్య వేదికమీదినుంచి. “పెద్దోరు మీరు.”

“నాకంటె పెద్దవారున్నారు దానయ్యా,” అన్నాడు మాస్టారు. పెద్దవారు తమకంటె పెద్దవారికోసం వెనక్కి తిరిగి చూశారు. చివరి వరుస వెనుక గోడే ఉన్నది.

శకుంతల చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నది. గోడమీది రేపల్లె పేజీలో ఆ బొట్టునే చూస్తున్నది.

వేంకటసుబ్రహ్మణ్యానికి చిరాకు వేసింది. మాట ఇచ్చినందుకు ఆ బరువు ఆయనమీదా ఉన్నది.

“ఏంటండీ ఇది? ఆడవాళ్ళు భర్త పేరు పలకరంటే అదొక ఆచారం. మగవాళ్ళకేమొచ్చింది? కట్టుకున్న మనిషి పేరు చెప్పడానికి ఇంత ఆలోచనేంటి?”

“అయితే మీరే చెప్పండి సార్,” అన్నది శకుంతల లేచి.

“నేనా?”

“మీరూ సభ్యులే కదండీ. మీ టికెట్టుమీద మొన్న ఒక ప్రేమ నవల రెండో భాగం పంపాను. ముద్ర వేసింది నేనే.”

“నేను నవలలు చదవనమ్మా.”

“కాగితం ప్రకారం చదివారండి. తెనాలి నీలం స్తంభంలో మీ వాటా చాలానే ఉన్నట్టుంది.”

ఆడవారు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మగవారికి ఒక్కసారిగా ప్రాణం లేచివచ్చింది; పైకప్పునుంచి, చెప్పులనుంచి చూపులన్నీ వచ్చి కార్యదర్శిమీద వాలాయి. వేంకటసుబ్రహ్మణ్యం ఇల్లాలివైపు చూశాడు. ఆమె తల వంచుకుని, నవలకు వేసిన అట్ట అంచును వేలితో నున్నగా దిద్దుతున్నది. అచ్చం ఆయన స్తంభాలకు అంచు దిద్దినట్టే దిద్దుతున్నది.

“అధ్యక్షా,” అన్నాడు ఆయన. “మా ఇంట్లో...”

గంట మోగింది. “ఇంటిని సభ్యురాలిగా చేర్చలేమండి.”

“మా పెద్దవాడి తల్లి...”

“ఆవిడకు పేరుంటుంది కదా?”

“ఉందండి.”

“అదే అడుగుతున్నాను.”

వేంకటసుబ్రహ్మణ్యం కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీశాడు. ఆ పేరు ఆయనకు తెలుసు. ఎంతో బాగా తెలుసు. పెళ్ళయి ఇంటికి వచ్చిన రోజున, గడప దగ్గర ఆయన చెల్లెలు అడ్డం నిలబడి, వదిన పేరు చెబితేనే లోపలికి రానిస్తానన్నది. అప్పుడొకసారి దాన్ని గొణిగాడు. అది సరిగా వినిపించలేదని చెల్లెలు అన్నా వినకుండా, చేతి కింద దూరి లోపలికి పోయాడు. ఆనాటినుంచి ఈనాటిదాకా ఆ ఇంట్లో ‘ఇదిగో’ అన్న ఒక్క మాటే కాఫీకి, కళ్ళజోడుకు, జ్వరానికి, సంతోషానికి సరిపోయింది. ఆమె పలికింది, వచ్చింది, వండింది, ఆయన పట్టికలకు మసి అంటకుండా చూసింది. ఆయన స్తంభాలలో ఎక్కడా ఆమె లేదు. ఎరుపు పెన్సిలు అరగకుండా అలాగే ఉన్నది.

“సాయంత్రం బండికి వేళవుతోంది,” అన్నాడు అధ్యక్షుడు. “ఇంకెవరూ పేరు చెప్పనట్టయితే, ప్రణాళికను ఉన్నదున్నట్టు...” ఆయన చెయ్యి గంట దగ్గరికి వెళ్ళింది.

శకుంతల కళ్ళు మూసుకున్నది. పేరంటాలు ఆమె భుజంమీద చెయ్యి వేసింది.

“ఆగండి,” అన్నాడు వేంకటసుబ్రహ్మణ్యం.

ఆయన వేదిక అంచుదాకా నడిచి వచ్చాడు. ముందు వరుసలో వంచుకున్న తల పైకి లేచింది. కొత్త పెళ్ళికొడుకులా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. వెనుక వరుసవారు వినడానికి ముందుకు వంగారు. కిటికీల బయట నిలబడ్డవారు ఊచలు పట్టుకున్నారు. ఈసారి ఆయన గొణగలేదు. పేరంటాలు కూడా మెచ్చుకునేంత గొంతుతో, ఒక్కొక్క అక్షరానికీ చోటిచ్చి, నిదానంగా పలికాడు.

“సీతాలక్ష్మి.”